అక్కలను దాటుకుంటూ వచ్చిన బిరుదు: రోత్‌షీల్డ్ సనదులో 1847 నాటి మెలిక

తండ్రి బిరుదు కొడుక్కే ఎందుకు వెళ్లాలన్న పంచాయితీ బ్రిటన్‌లో మళ్లీ రాజుకుంది. పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో వారసత్వంగా వచ్చే సీట్లను తీసేయడానికి లేబర్ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో బిల్లు పెట్టింది. 1999 సంస్కరణల తర్వాత కూడా మిగిలిపోయిన 92 సీట్లవి. బిల్లు సీట్ల జోలికే వెళ్లింది తప్ప బిరుదులను తాకలేదు. సీటే లేనప్పుడు బిరుదు ఎవరికి దిగితే ఏం నష్టమని ఒక వర్గం అంటోంది. నష్టం లేనప్పుడు కూతురికి ఇవ్వడానికి అడ్డేమిటని రెండో వర్గం అడుగుతోంది.

ఈ వాదనలో తరచుగా వినిపించే పేరు రోత్‌షీల్డ్, పాత యూదు బ్యాంకర్ల కుటుంబం. అదే ఏడాది ఫిబ్రవరి 26న నాలుగో లార్డ్ రోత్‌షీల్డ్, జేకబ్, 87వ ఏట కన్నుమూశారు. ఆయనకు నలుగురు పిల్లలు. మొదటి ముగ్గురూ ఆడపిల్లలు. పెద్దమ్మాయి హానా 1962లో పుట్టారు, లండన్ నేషనల్ గ్యాలరీ ట్రస్టీల బోర్డుకు అధ్యక్షత వహించిన తొలి మహిళ ఆమె. బిరుదు మాత్రం 1971లో పుట్టిన చివరివాడు నథానియేల్‌కు వెళ్లింది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. 1885 నాటి సనదులో, అంటే బిరుదు ఇస్తూ రాజముద్ర వేసిన పత్రంలో, ‘ఔరస పుత్ర సంతానం’ (సొంత కొడుకుల వరసకే) అని ఉంది, అంతే.

ఈ కుటుంబం ఫ్రాంక్‌ఫర్ట్ యూదువాడలో మొదలవడం, మూలపురుషుడి అయిదుగురు కొడుకులు అయిదు నగరాల్లో బ్యాంకులు నడపడం అందరూ విన్నదే. వాటర్లూ యుద్ధం వార్త ముందే తెలుసుకుని షేర్లలో కోట్లు దండుకున్నారన్నది కట్టుకథ. ప్రపంచ బ్యాంకులన్నీ వాళ్లవేనంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాటి వెనక ఉన్నది యూదులంటే పాత విద్వేషం. వీటన్నిటినీ దాటి నేరుగా 1847కు వెళ్దాం. నా లెక్కలో అసలు కథంతా అక్కడే ఉంది.

అప్పటికి లండన్ బ్యాంకు పెద్ద లయొనెల్ డి రోత్‌షీల్డ్. ప్రభుత్వం ఆయనకు బారనెట్ హోదా ఇవ్వజూపింది. బారనెట్ అయితే పేరు ముందు ‘సర్’ వస్తుంది, తర్వాతి తరానికీ దిగుతుంది, లార్డ్స్ సభలో మాత్రం కుర్చీ ఉండదు. లయొనెల్ వద్దన్నారు. దాంతో అది తమ్ముడు ఆంథొనీకి వెళ్లింది. ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. ఆంథొనీకి ఉన్నది ఇద్దరు కూతుళ్లు. పెద్దది కాన్‌స్టన్స్ 1843లో, చిన్నది ఆనీ 1844లో పుట్టారు. మామూలు పద్ధతిలో సనదు రాస్తే, ఆయనకు కొడుకు పుట్టకపోతే ఆయనతోనే బిరుదు అంతమైపోతుంది.

అందుకని సనదులో ఒక ప్రత్యేక షరతు చేర్చారు. ఆంథొనీకి కొడుకుల్లేకపోతే బిరుదు అన్న లయొనెల్ మగ సంతానానికి వెళ్లాలని. కాగితం మీద అదొక చిన్న వాక్యం. దాని అర్థం మాత్రం చిన్నది కాదు. బిరుదు ఎవరికి దిగాలన్నది పైనుంచి ఊడిపడిన శాసనమేమీ కాదు, రాజముద్ర పడే ముందు రాసేవాళ్లు ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. అలా రాసుకున్నారు కూడా. ఇంట్లో ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలను పక్కనబెట్టి, అన్న ఇంటి అబ్బాయి కోసం నిబంధనను వంచారు. 1876 జనవరిలో ఆంథొనీ పోయారు. కాన్‌స్టన్స్, ఆనీ ఇద్దరూ అప్పటికి ముప్పయ్యేళ్ల వయసువాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. సర్ నథానియేల్ అయ్యింది మాత్రం వాళ్ల పెదనాన్న లయొనెల్ కొడుకు, ఇంట్లో నాటీ అని పిలిచే మనిషి.

ఆ ఇంట్లో ఆడపిల్లలకు ఏమీ ఇచ్చేవాళ్లు కాదా అంటే అదీ కాదు. ఆంథొనీ తమ్ముడు మేయర్ 1874లో చనిపోయినప్పుడు మెంట్‌మోర్ అనే మహా భవంతి, దానితో పాటు అపార సంపద ఒక్కగానొక్క కూతురు హానాకు వచ్చాయి. ఆమె 1878లో రోజ్‌బెరీ ప్రభువును పెళ్లాడారు, ఆయన తర్వాత ప్రధానమంత్రి అయ్యారు. అంటే భవంతి, పొలాలు, బొమ్మలు, నగలు ఆడపిల్లకు ఇవ్వొచ్చు. ఇవ్వకూడనివి రెండే: బ్యాంకులో భాగస్వామ్యం, బిరుదు.

బ్యాంకు సంగతి ఇంటి మూలపురుషుడు మేయర్ ఆంషెల్ 1812లోనే తేల్చేశారు. చనిపోవడానికి ముందు రాసిన వీలునామాలో కూతుళ్లకు, అల్లుళ్లకు వ్యాపారంలో హక్కు లేదని, ఖాతా పుస్తకాలు చూసే అధికారం కూడా లేదని రాయించారు. 1847 షరతును ఈ వీలునామా పక్కన పెట్టి చదివితే ముడి విడిపోతుంది. బిరుదు వెళ్లాల్సింది ఆంథొనీ రక్తానికి కాదు, లండన్ బ్యాంకు ఉన్న న్యూ కోర్ట్‌లోని గల్లాపెట్టె దగ్గర రేపు కూర్చోబోయేవాడికి. ఆ కుర్చీ లయొనెల్ కొడుకులది. ఇంగ్లిష్ రాజముద్ర వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్ వీలునామా మీద పడిందన్నమాట.

తర్వాత నడిచింది త్వరగా చెప్పుకోవచ్చు. లయొనెల్ 1847లోనే లండన్ సిటీ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. క్రైస్తవ విశ్వాసం మీద ప్రమాణం చేయనన్నందుకు సభలో కూర్చోవడానికి 1858 జూలై 26 దాకా ఆగాల్సి వచ్చింది. 1869లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఆయన్ను లార్డ్ చేయమని సిఫార్సు చేస్తే విక్టోరియా రాణి ఒప్పుకోలేదు. యూదుణ్ణి ప్రభువును చేయడం తనకు ఇష్టం లేదన్నది ఒక అభ్యంతరం. విదేశీ ప్రభుత్వాలకు అప్పులిచ్చి, స్టాక్ మార్కెట్లో లాభాలు తీసి సంపాదించిన డబ్బు జూదం లాంటిదేనన్నది రెండోది. ఆరేళ్లకు సూయజ్ కాలువ వాటాలు కొనడానికి డిజ్రేలీ ప్రభుత్వానికి 40 లక్షల పౌండ్లు అవసరమైనప్పుడు సర్దింది ఆ జూదం డబ్బే. లయొనెల్ 1879లో లార్డ్ కాకుండానే పోయారు.

చివరికి 1885లో లార్డ్ బిరుదు నాటీకి వచ్చింది. జూలై 9న ఆయన లార్డ్స్ సభలోకి అడుగుపెట్టి, తల మీద టోపీ ఉంచుకునే, హీబ్రూ బైబిల్ మీద ప్రమాణం చేశారు. మతం వదలకుండా ఆ సభలో కూర్చున్న తొలి యూదుడు. ఇంట్లో 1847 నుంచి బారనెట్ హోదా ఉన్నందువల్లే ఆయన లార్డ్ అయ్యాడని చెప్పడం అతి అవుతుంది. కానీ ఇంగ్లిష్ బిరుదు ఈ ఇంట్లో ఎటు ప్రవహించాలో ఆ షరతు ముందే కాలువ తవ్వి పెట్టింది. కొత్త సనదు రాసినప్పుడు ఎవరూ వేరే దారి అడగలేదు. కొసమెరుపేమిటంటే, సరిగ్గా అదే 1885లో పక్కకు తప్పించిన కాన్‌స్టన్స్ వ్యభిచార కూపాలకు తరలించే ముఠాల నుంచి యూదు ఆడపిల్లలను కాపాడే సంఘాన్ని స్థాపించే పనిలో ఉన్నారు. ఆమె కూడా తర్వాత లేడీ బాటర్సీ అయ్యారు, భర్తకు బిరుదు వచ్చింది కాబట్టి.

ఇక ఆ కాలువలో నీళ్లు ఎలా పారాయో చూడండి. రెండో లార్డ్ వాల్టర్. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటును సమర్థిస్తూ బ్రిటన్ 1917 నవంబర్ 2న ఇచ్చిన బాల్ఫర్ ప్రకటన అందుకున్నది ఈయనే. పాలస్తీనా చరిత్రను మార్చిన ఆ ఉత్తరం ‘డియర్ లార్డ్ రోత్‌షీల్డ్’ అంటూ మొదలవుతుంది. బిరుదు ఉత్త అలంకారం అనేవాళ్లు ఆ పై వరుసను ఒకసారి చూడాలి. వాల్టర్‌కు పెళ్లి కాలేదు. తమ్ముడు చార్ల్స్ 1923లోనే పోయారు. బొంబాయి ప్లేగుతో మన దేశం అల్లాడిన రోజుల్లో ఆ రోగాన్ని మోసే ఎలుక గోమారిని శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టింది ఈ చార్ల్సే, 1903లో. వాల్టర్ 1937లో మరణించాక బిరుదు చార్ల్స్ కొడుకు విక్టర్‌కు దిగింది. అప్పటికి విక్టర్ వయసు 26. ఆయన పెద్దక్క మిరియం వయసు 29.

ఆ మిరియం ఎవరనుకుంటున్నారు? తండ్రి సేకరించిన గోమార్లను ఏళ్ల తరబడి వర్గీకరించిన శాస్త్రవేత్త, యుద్ధకాలంలో బ్లెచ్‌లీ పార్క్‌లో రహస్య సంకేతాలు ఛేదించిన బృందంలో పనిచేసిన మనిషి. విక్టర్ 1953లో రాయల్ సొసైటీ ఫెలో అయితే ఆమె 1985లో అయ్యారు. 2000లో ప్రభుత్వం ‘డేమ్’ హోదా (మగవాళ్ల ‘సర్’కు సాటిది) ఇచ్చింది, అది ఆమెతోనే పోయేది. తండ్రి విద్య ఆమెకు వచ్చింది, తాత బిరుదు తమ్ముడికి వెళ్లింది.

1990లో విక్టర్ పోయారు. బిరుదు జేకబ్‌కు వచ్చింది. జేకబ్‌కూ ఒక అక్క ఉన్నారు. 2024లో నథానియేల్ దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు అక్కలు. అంటే వరసగా మూడు తరాలు ఈ బిరుదు ఏదో ఒక అక్కను దాటుకునే వచ్చింది. అన్నట్టు, జేకబ్ చెల్లెలు, తల్లి వేరు, ఆర్థిక చరిత్రకారిణి ఎమ్మా రోత్‌షీల్డ్ మన అమర్త్య సేన్ భార్య.

ఈలోగా ఇంకోటి జరిగింది. ఈ వివాదంలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, నాకు మాత్రం కీలకం అనిపించేది. 1970ల మధ్యలో విక్టర్ కొద్దికాలం ఛైర్మన్‌గా ఉన్నాక బ్యాంకు పగ్గాలు దాయాది ఎవెలిన్ చేతికి వెళ్లాయి. జేకబ్‌కు, ఆయనకు పొసగలేదు. 1980లో జేకబ్ బ్యాంకు వదిలేసి సొంత దారి చూసుకున్నారు. పదేళ్ల తర్వాత ఆయన లార్డ్ రోత్‌షీల్డ్ అయ్యేనాటికి లండన్ బ్యాంకులో ఆయనకు కుర్చీ లేదు. బ్యాంకున్నవాళ్లకు బిరుదు లేదు, బిరుదున్నవాడికి బ్యాంకు లేదు. 1847లో ఏ గల్లాపెట్టె కోసం షరతు రాశారో ఆ గల్లాపెట్టెకూ బిరుదుకూ సంబంధం తెగిపోయింది. ఇక వ్యాపారంలో ఆడవాళ్లు వద్దన్న 1812 నాటి మాటా నిలవలేదు. స్విట్జర్లాండ్‌లోని ఎడ్మండ్ డి రోత్‌షీల్డ్ సంస్థకు 2015 నుంచి ఆ ఇంటి కోడలు ఏరియాన్ సారథ్యం వహించారు. వీలునామా మారింది, కారణం పోయింది, సనదు మాత్రం అలాగే ఉంది.

అప్పట్లో కూతుళ్లకు ఇవ్వాలన్న ఆలోచనే ఎవరికీ లేదు కదా అని సంప్రదాయవాదులు అంటారు. దీనికి జవాబు ఇంగ్లండ్‌లో కంటే మన చరిత్రలో తేలిగ్గా దొరుకుతుంది. మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి వెళ్లిన రాబర్ట్స్ కొడుకు బోయర్ యుద్ధంలో చనిపోయాడు. 1901లో ఆయన్ను ఎర్ల్ (ప్రభువుల్లో ఒక హోదా) చేసినప్పుడు బిరుదు కూతుళ్లకు దిగేలా సనదు రాశారు, 1914లో కూతురికే దిగింది. బెంగాల్‌ను చీల్చిన కర్జన్‌కు ముగ్గురూ కూతుళ్లే. 1911లో ఆయనకిచ్చిన బిరుదుల్లో రావెన్స్‌డేల్ అనేదాన్ని కూతుళ్ల కోసమే ప్రత్యేకంగా పెట్టారు. 1925లో పెద్ద కూతురు ఐరీన్ దాన్ని అందుకున్నారు. చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్‌దీ అదే ఏర్పాటు. 1979లో ఆయన హత్య తర్వాత పెద్ద కూతురు పట్రీషియా కౌంటెస్ (ఎర్ల్ హోదా ఉన్న మహిళ) అయ్యారు. కావాలనుకున్నవాళ్లకు కలం బాగానే కదిలింది. ఆంథొనీ విషయంలో ప్రత్యేక షరతు రాసే అవకాశం చేతిలోకి వచ్చి కూడా దాన్ని అన్న కొడుకు వైపే తిప్పారు.

అవతలి పక్షం వాదనల్లో కాస్త బరువున్నది ఇంటిపేరు గురించి. పుట్టిన వరసలో, ఆడామగా తేడా లేకుండా వెళ్లి ఉంటే వాల్టర్ తర్వాత బిరుదు ఆయన చెల్లెలు ఎవెలినాకు, ఆమె నుంచి బెహ్రెన్స్ ఇంటిపేరున్న పిల్లలకు వెళ్లేది. రోత్‌షీల్డ్ అనే పేరున్న బిరుదు రోత్‌షీల్డ్‌లు కానివాళ్ల దగ్గర ఉండేది. నిజమే, కానీ మౌంట్‌బాటన్ బిరుదు ఇవాళ నాచ్‌బుల్ ఇంట్లో ఉంది, దానివల్ల కొంపేమీ మునగలేదు. పాత సనదులను తిరగరాస్తే వారసత్వం తమదేనని ఎదురుచూస్తున్న మగవాళ్లకు అన్యాయం జరుగుతుందన్నది మరో వాదన. ఎదురుచూసే హక్కు కూడా లేని అక్కలతో ఈ మాట చెప్పడానికి కొంత ధైర్యం కావాలి.

చట్టం సంగతికొస్తే, పుట్టిన వరసే ముఖ్యమని 2013లో పార్లమెంటు రాజ సింహాసనానికి ఒప్పుకుంది. రాజకుమారి షార్లెట్‌ను తమ్ముడు దాటిపోలేడు. ప్రభువుల బిరుదులను మాత్రం ఆ చట్టం వదిలేసింది. 2004 నాటి లింగ గుర్తింపు చట్టం ఇంకా విచిత్రం. మనిషి చట్టప్రకారం స్త్రీ నుంచి పురుషుడిగా మారినా, పురుషుడి నుంచి స్త్రీగా మారినా బిరుదుల వారసత్వం మీద ఆ ప్రభావం పడకూడదని అందులో ఒక సెక్షన్ పెట్టుకున్నారు. కౌంటెస్ ఆఫ్ మార్ 2020లో విరమించాక వారసత్వ సీట్లలో ఒక్క మహిళా లేకుండా పోయారు. కూతుళ్లకూ హక్కివ్వాలంటూ సభ్యులు సొంతంగా పెట్టిన బిల్లులు 2013 నుంచి వస్తూనే ఉన్నాయి, ఏదీ గట్టెక్కలేదు.

సనదు ఒకసారి జారీ అయ్యాక దాన్ని మార్చాలంటే పార్లమెంటు చట్టం చేయాల్సిందే, రాజు ఇష్టపడినా కుదరదు. సంస్కరణ కోరుతున్నవాళ్లు ఇప్పుడు బిరుదు పెట్టుకున్నవాళ్లను దించమని అడగడం లేదు, తర్వాతి తరం నుంచి మారిస్తే చాలంటున్నారు. అందుకే రేపు చట్టం వచ్చినా హానాకు ఒరిగేదేమీ లేదు. అయిదో లార్డ్ రోత్‌షీల్డ్‌గా నథానియేలే ఉంటారు.