కాలేజీలో చేరడం, డిగ్రీతో బయటపడడం: ఈ కోర్సు బోధనపై అపోహలు - వాస్తవాలు

అమెరికా యూనివర్సిటీల్లో ఉన్నత విద్య మీద మాస్టర్స్ చేసేవాళ్లకి 'కాలేజీ యాక్సెస్, స్టూడెంట్ సక్సెస్' అనే కోర్సు ఉంటుంది. కాలేజీలో ఎవరు చేరగలుగుతున్నారు, చేరినవాళ్లలో డిగ్రీ ఎవరి చేతికి వస్తోంది, మధ్యలో ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది ఇందులో విషయం. క్లాసులో కూర్చునేవాళ్లలో చాలామంది పగలు అడ్మిషన్స్‌లోనో, ఫైనాన్షియల్ ఎయిడ్‌లోనో, అడ్వైజింగ్ ఆఫీసులోనో పనిచేసి సాయంత్రం చదువుకోవడానికి వచ్చేవాళ్లే. వాళ్లు ఇక్కడ నేర్చుకున్నది మర్నాడు పొద్దున్నే ఒక విద్యార్థి మీద ప్రయోగిస్తారు. అందుకే ఈ కోర్సు చెప్పేవాళ్లలో పాతుకుపోయిన కొన్ని అపోహలను విడమరిచి చెప్పుకోవాలి.

అపోహ: సగం సెమిస్టర్ యాక్సెస్‌కి, మిగతా సగం సక్సెస్‌కి ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: సిలబస్‌ని అలా రెండు ముక్కలు చేస్తే అసలు నష్టం జరిగే చోటు ఆ అతుకులోనే మాయమైపోతుంది. ఏడో వారం అడ్మిషన్ లెటర్‌తో ముగుస్తుంది, ఎనిమిదో వారం ఫస్ట్ ఇయర్ సెమినార్‌తో మొదలవుతుంది. మధ్యలో వేసవి ఉంది. సీటు వచ్చి, చేరతామని చెప్పి, తీరా క్లాసులు మొదలయ్యేసరికి కనిపించకుండా పోయే విద్యార్థులు ఆ వేసవిలోనే జారిపోతారు. దీన్ని 'సమ్మర్ మెల్ట్' అంటారు. టీకాల రికార్డు పంపాలి, హాస్టల్ డిపాజిట్ కట్టాలి, ఎయిడ్ ఫారంలో రాసిన ఆదాయానికి రుజువులు ఇవ్వాలి, ఓరియెంటేషన్‌కి పేరు ఇవ్వాలి, మొదటి ఫీజు బిల్లు చదివి అర్థం చేసుకోవాలి. హైస్కూల్ కౌన్సెలర్ సెలవులో ఉంటారు. కాలేజీ దృష్టిలో వాళ్లింకా విద్యార్థులే కాదు. అడిగే దిక్కు ఉండదు.

రెండో ఏడాదికి వచ్చాక కూడా 'యాక్సెస్' ముగిసిపోదు. ఫెడరల్ సాయం కొనసాగాలంటే చదువులో తగిన ప్రగతి చూపించాలి. చాలా కాలేజీల్లో ఆ నిబంధన 2.0 జీపీఏ, తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పూర్తి. 15 క్రెడిట్లకు పేరిచ్చి, ఇంట్లో ఎవరికో జబ్బు చేసి మూడేసి క్రెడిట్ల కోర్సులు రెండు వదిలేస్తే మిగిలేది 9. అంటే 60 శాతం. మార్కులు బాగున్నా గ్రాంట్ ప్రమాదంలో పడుతుంది. దీన్ని యాక్సెస్ వారంలో చెప్పాలా, సక్సెస్ వారంలో చెప్పాలా?

విద్యార్థి నడిచే దారినే సిలబస్‌గా పెట్టుకోవడం మేలు. 15 వారాల్లో చరిత్ర, చట్టాలకి రెండు, అంకెలు చదవడానికి రెండు, డబ్బుకి మూడు, దరఖాస్తుకి ఒకటి, వేసవికి ఒకటి, మొదటి ఏడాదికీ ట్రాన్స్‌ఫర్‌కీ (ఒక కాలేజీ నుంచి ఇంకోదానికి మారడం) రెండు, ప్రోగ్రాముల మూల్యాంకనానికి రెండు, చివరి రెండు విద్యార్థులు రాసే మెమోలకి (వాటి సంగతి చివర్లో చెప్తాను). వేసవికి ఒక పూర్తి వారమా అని సహోద్యోగులు ఆశ్చర్యపోవచ్చు. ఆ వారాన్ని మాత్రం వదులుకోవద్దు.

అపోహ: యాక్సెస్ అంటే పేరున్న యూనివర్సిటీల అడ్మిషన్ల గొడవ.

వాస్తవం: 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదంటూ ఇచ్చిన తీర్పును తప్పక చదివించాలి. కానీ సెమిస్టర్ అంతా దానిచుట్టే తిప్పొద్దు. అమెరికాలో ఎక్కువ కాలేజీలు దరఖాస్తు చేసినవాళ్లలో సగానికి పైగా తీసుకుంటాయి, రెండేళ్ల డిగ్రీలు ఇచ్చే స్థానిక కమ్యూనిటీ కాలేజీలు దాదాపు అందరినీ తీసుకుంటాయి. అక్కడ ప్రశ్న సీటు కాదు. ఫీజు, బస్సు, పని వేళలు, ట్రాన్స్‌ఫర్‌లో ఎగిరిపోయే క్రెడిట్లు.

అపోహ: ఫైనాన్షియల్ ఎయిడ్ సాంకేతిక విషయం, ఒక గెస్ట్ లెక్చర్ పెట్టిస్తే చాలు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. 1965 నవంబరు 8న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం చేసిన ఉన్నత విద్యా చట్టం, 1972లో వచ్చి 1980లో పెల్ గ్రాంట్‌గా పేరు మారిన, తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకిచ్చే మూల గ్రాంట్, 2024-25 నుంచి కుటుంబం ఆర్థిక స్థితిని కొలిచే పాత ఫార్ములా స్థానంలో వచ్చిన 'స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్', ఇవన్నీ తెలియకుండా ఒక్క అవార్డు లెటర్ (ఎంత సాయం వస్తుందో చెబుతూ కాలేజీ పంపే ఉత్తరం) కూడా సరిగ్గా చదవలేరు. చరిత్ర పాఠం కంటే ముందు క్లాసు చేతిలో ఒక లెటర్ పెట్టండి. ఊహించి తయారుచేసిందైనా పర్వాలేదు. ఇలా:

ఏడాది మొత్తం ఖర్చు 31,200 డాలర్లు. కింద 'మీ ఎయిడ్' అని ఒకే పట్టికలో పెల్ గ్రాంట్ 7,395, కాలేజీ గ్రాంట్ 6,000, ఫెడరల్ లోన్లు 5,500, వర్క్ స్టడీ 2,500, పేరెంట్ ప్లస్ లోన్ 9,805. చివరి గడిలో 'మిగిలింది: 0'.

ఈ కుటుంబం ఎంత కట్టాలి అని అడిగితే, ఎయిడ్ ఆఫీసు అనుభవం లేనివాళ్లు ఆ సున్నా దగ్గరే ఆగిపోతారు. ఇప్పుడు పట్టికను మూడు రంగుల్లో గీయమనండి: తిరిగి ఇవ్వక్కర్లేనిది, తిరిగి ఇవ్వాల్సింది, పనిచేస్తేనే వచ్చేది. మొదటి రంగులో పడేవి రెండు గ్రాంట్లే, 13,395. ఖర్చులోంచి అది తీసేస్తే నికరంగా 17,805 డాలర్లు. ఆ 5,500 తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి మొదటి ఏడాది తీసుకోగల గరిష్ఠ ఫెడరల్ లోన్, అందులో 3,500కి మాత్రమే చదువుకునే కాలంలో వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. వర్క్ స్టడీ ఉద్యోగం దొరికాక, గంటల లెక్కన, జీతంగా వస్తుంది. ఆగస్టు బిల్లు కట్టడానికి పనికిరాదు. పేరెంట్ ప్లస్ అనేది తల్లిదండ్రులు తమ పేరు మీద తీసుకునే అప్పు, క్రెడిట్ చరిత్ర చూసి ఇస్తారు, రాకపోనూవచ్చు. అది రాకపోతే ఆ సున్నా నిజానికి కనీసం 9,805 డాలర్ల గుంట. ఈ లెక్క తమ చేత్తో వేసినవాళ్లు మళ్లీ ఎప్పుడూ లోన్‌ని 'సాయం' ఖాతాలో కలిపి చెప్పరు.

దీనికి తోడు ఇంకో చిన్న లెక్క చేయించండి. ఎయిడ్ నిబంధనల్లో ఫుల్ టైమ్ అంటే సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు. ఎనిమిది సెమిస్టర్లకి 96. డిగ్రీకి సాధారణంగా కావాల్సింది 120. 'ఫుల్ టైమ్ చదువుతున్నా' అని నమ్మకంగా ఉన్న విద్యార్థికి నాలుగేళ్ల చివర 24 క్రెడిట్లు తక్కువ పడతాయి, రాష్ట్రం ఇచ్చే స్కాలర్‌షిప్ అప్పటికి అయిపోయి ఉండొచ్చు.

అపోహ: పేద విద్యార్థులకు సమాచారం అందడం లేదు, అందిస్తే చేరతారు.

వాస్తవం: వినడానికి హాయిగా ఉండే మాట ఇది, పరిశోధన చెప్పేది అంత సూటిగా లేదు. ఇక్కడ మూడు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదివించడం చాలా బాగా పనిచేస్తుంది.

మొదటిది, ఇన్‌కమ్ టాక్స్ ఫైల్ చేయడానికి హెచ్ అండ్ ఆర్ బ్లాక్ ఆఫీసులకు వచ్చిన కుటుంబాలతో చేసిన ప్రయోగం, 2012లో ప్రచురించారు. ఒక గుంపుకి అక్కడే కూర్చోబెట్టి ఫాఫ్సా ఫారం (ఫెడరల్ సాయానికి పెట్టుకునే దరఖాస్తు) పూర్తి చేయించారు. ఇంకో గుంపుకి ఎంత సాయం రావచ్చో అంచనా మాత్రం చెప్పి పంపారు. ఫారం పూర్తి చేయించిన కుటుంబాల్లోని హైస్కూల్ చివరి ఏడాది పిల్లల్లో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తి చేసినవాళ్లు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. సమాచారం మాత్రమే అందినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

రెండోది, ఫాఫ్సా నింపండంటూ 8 లక్షల మందికి పైగా విద్యార్థులకు మెసేజ్‌లు, ఉత్తరాలు పంపిన భారీ ప్రయత్నం, 2021లో ఫలితాలు వచ్చాయి. చేరికల్లో మార్పు కనిపించలేదు. అంతకుముందు చిన్న స్థాయిలో, విద్యార్థులకు తెలిసిన స్థానిక సంస్థలు పంపిన మెసేజ్‌లు కొన్నిచోట్ల పనిచేశాయి.

మూడోది మిచిగన్ యూనివర్సిటీది. బాగా చదివే, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు నాలుగేళ్ల ట్యూషన్, ఫీజులు ఉచితమని ముందే హామీ ఇస్తూ ఉత్తరం పంపారు. వాళ్లలో చాలామందికి అంత సాయం ఎలాగూ వచ్చేదే, అదనంగా ఇచ్చిందేమీ పెద్దగా లేదు. అయినా దరఖాస్తు చేసినవాళ్లు 26 శాతం నుంచి 68కి, చేరినవాళ్లు 12 నుంచి 27కి పెరిగారు.

మూడూ 'సమాచారం' గురించే కదా, ఫలితాలు ఎందుకిలా వేరయ్యాయి? ఈ ప్రశ్న మీద పూర్తిగా ఒక గంట వదిలేయండి. ఎవరు పంపారు, చేతిలో పని పూర్తయిందా లేక పని గుర్తు చేసి వదిలేశారా, హామీ ఇచ్చారా లేక 'రావచ్చు' అన్నారా అన్న తేడాలు క్లాసే తవ్వి తీస్తుంది. పనిచేయని ప్రయోగాన్ని సిలబస్‌లోంచి తీసేయడం ఈ కోర్సులో తరచూ జరిగే పొరపాటు. విజయాలే చదివితే విద్యార్థులు తమ ఆఫీసుకి వెళ్లి మెసేజ్‌ల సాఫ్ట్‌వేర్ కొనిపిస్తారు.

అపోహ: గ్రాడ్యుయేషన్ రేటు చూస్తే కాలేజీ సంగతి తెలిసిపోతుంది.

వాస్తవం: ఫెడరల్ డేటాబేస్ ఐపెడ్స్‌లో ఎక్కువమంది ఎత్తి చూపే రేటు మొదటిసారి కాలేజీలో చేరి, ఫుల్ టైమ్‌గా మొదలుపెట్టినవాళ్లది మాత్రమే. మామూలు గడువుకి ఒకటిన్నర రెట్లు లెక్కలోకి తీసుకుంటారు: నాలుగేళ్ల డిగ్రీకి ఆరేళ్లు, రెండేళ్ల డిగ్రీకి మూడేళ్లు. ఒక ఊహా కమ్యూనిటీ కాలేజీ తీసుకోండి. ఆ ఏడాది 1,000 మంది కొత్తగా వచ్చారు. 420 మంది ఈ నిర్వచనంలోకి వస్తారు. వాళ్లలో 126 మంది మూడేళ్లలో పూర్తి చేశారు, రేటు 30 శాతం. డిగ్రీ తీసుకోకుండానే నాలుగేళ్ల కాలేజీకి మారిన 84 మంది ఆ 30లో లేరు. పార్ట్ టైమ్‌గా చేరినవాళ్లు, వేరే చోటి నుంచి వచ్చినవాళ్లు కలిపి మిగతా 580 మంది అసలు లెక్కలోనే లేరు. ఈ లోటు తీర్చడానికే 2015-16లో 'అవుట్‌కమ్ మెజర్స్' అనే విడి సర్వే మొదలైంది, అందులో ఎనిమిదేళ్ల వరకు చూస్తారు. విద్యార్థులు తమ కాలేజీకి ఈ రెండు రేట్లూ డౌన్‌లోడ్ చేసి, తేడా ఎందుకో ఒక పేజీలో రాయాలి. మూడో వారానికే ఈ పని ఇచ్చేయండి. తర్వాతి వాదనలన్నీ దీనిమీదే నిలుస్తాయి.

అపోహ: ఫస్ట్ జనరేషన్ విద్యార్థి అంటే అందరికీ తెలిసిందే.

వాస్తవం: వెనకబడిన నేపథ్యాల విద్యార్థులకు తోడ్పడే ఫెడరల్ ట్రియో ప్రోగ్రాముల్లో, తల్లిదండ్రుల్లో ఎవరికీ బ్యాచిలర్స్ డిగ్రీ లేకపోతే ఫస్ట్ జనరేషన్. కొన్ని అధ్యయనాల్లో వాళ్లు కాలేజీ గడపే తొక్కి ఉండకూడదు. రెండేళ్ల డిగ్రీ ఉన్న అమ్మ కూతురు ఒక లెక్కలో ఉంటుంది, ఇంకో లెక్కలో ఉండదు. ఏ నిర్వచనమో చెప్పని వ్యాసానికి మార్కులు తగ్గించండి.

అపోహ: చదువు మానేయడానికి కారణం విద్యార్థిలో పట్టుదల లేకపోవడం.

వాస్తవం: ఈ మాట ఇంత మొరటుగా ఎవరూ అనరు, వాక్య నిర్మాణంలో దాక్కుని వస్తుంది. విన్సెంట్ టింటో 1975లో ప్రతిపాదించిన మోడల్ విద్యార్థి కాలేజీలో చదువుపరంగా, సామాజికంగా ఎంత కలిసిపోయాడన్నది ముఖ్యమంది. కలిసిపోవాల్సిన భారమంతా విద్యార్థిదేనా, ఇంటినీ ఊరినీ వెనక వదిలేస్తేనే కలిసినట్టా అన్న విమర్శలు తర్వాత వచ్చాయి. 2005లో తారా యోసో, నల్లజాతి, లాటినో తదితర సమాజాల పిల్లలు వెంట తెచ్చుకునే భాషలు, కుటుంబ బలం, ఆశలు కూడా సంపదే అని వాదించారు. సిద్ధాంతాలు చదివించి వదిలేస్తే పరీక్షలో రాసి మర్చిపోతారు. వాక్యాలు తిరగరాయించండి. 'పనిచేసే విద్యార్థులు ట్యూటరింగ్‌కి రారు' అని రాస్తే, కర్తను మార్చమనండి: 'మా ట్యూటరింగ్ సెంటర్ సాయంత్రం 5కి మూస్తుంది, పని షిఫ్టు 6కి ముగిసే విద్యార్థులకు అందదు.' రెండో వాక్యంలో సరిచేయగలిగింది ఏదో కనిపిస్తోంది. అది నిజమా కాదా అని తేల్చడానికి ఏ డేటా కావాలో కూడా కనిపిస్తోంది.

అపోహ: అందరూ ఈ రంగంలో పనిచేసేవాళ్లే, అనుభవాలు పంచుకుంటే క్లాసు నడిచిపోతుంది.

వాస్తవం: నడుస్తుంది, ముందుకి మాత్రం పోదు. అడ్వైజర్‌కి కనిపించేది తన ఆఫీసు తలుపు తట్టిన విద్యార్థే. ఆగిపోయినవాళ్లు తట్టరు. అనుభవాన్ని ప్రశ్న పుట్టించడానికి వాడుకోండి, జవాబుకి మాత్రం ఇంకో ఆధారం అడగండి. ఫస్ట్ జనరేషన్ పిల్లలను ప్యానెల్‌గా కూర్చోబెట్టి కష్టాలు చెప్పించడం నా దృష్టిలో మానేయాల్సిన అలవాటు. పిలవక తప్పదనుకుంటే గౌరవ వేతనం ఇవ్వండి, ప్రశ్నలు ముందే పంపండి, వాళ్ల కష్టాల గురించి కాకుండా కాలేజీ నిబంధనల గురించి అడగండి.

అపోహ: నిజంగా పనిచేసే ప్రోగ్రాములు భరించలేనంత ఖరీదు.

వాస్తవం: న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో మొదలుపెట్టిన అసాప్ ప్రోగ్రాం ఇక్కడ తప్పనిసరి పాఠం. ఫుల్ టైమ్ చదువు షరతు, తక్కువమంది విద్యార్థులకు ఒక అడ్వైజర్, ట్యూటరింగ్, ఫీజులో మిగిలిన గుంట పూడ్చడం, ఉచిత మెట్రో కార్డు, పుస్తకాలు, ఇవన్నీ మూడేళ్లపాటు కలిపి ఇచ్చారు. లాటరీ పద్ధతిలో జరిగిన మూల్యాంకనంలో మూడేళ్ల గ్రాడ్యుయేషన్ 22 శాతం నుంచి 40 శాతానికి వెళ్లింది. ఒహాయోలో మూడు కమ్యూనిటీ కాలేజీల్లో చేస్తే 19 నుంచి 35కి. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగింది, కానీ ఒక్కో డిగ్రీకి లెక్కేస్తే తగ్గింది. ఈ భాగహారాన్ని బోర్డు మీద చేయించండి. హారం మారితే వాదన మారుతుంది. ఇంకో హెచ్చరిక కూడా చేయాలి: మెట్రో కార్డు ఒక్కటీ తీసుకుని 'మేమూ అసాప్ చేస్తున్నాం' అంటే ఆ 40 శాతం తమ కాలేజీకి వర్తించదు. మూల్యాంకనం జరిగింది మొత్తం మూటకి.

అపోహ: చివర్లో 25 పేజీల సాహిత్య సమీక్ష రాయిస్తేనే మాస్టర్స్ స్థాయి.

వాస్తవం: ఆ పేపర్ని టీచర్ తప్ప ఎవరూ చదవరు. దాని బదులు ఒక డీన్‌కి ఇవ్వదగ్గ మెమో రాయించండి: మూడు పేజీలు, ఒక పట్టిక, ఒకే ఒక్క సిఫార్సు. విద్యార్థి దారిలో ఏ మెట్టు దగ్గర, ఏ గుంపు, ఎంతమంది ఆగిపోతున్నారు, ఏ పరిశోధన ఆధారంగా ఏం మార్చమంటున్నారు, ఖర్చెంత, పనిచేసిందో లేదో ఏడాది తర్వాత దేన్ని చూసి చెబుతారు. ఆరో వారానికి సమస్య ఒక పేరాలో, పదో వారానికి పట్టిక, పన్నెండో వారానికి చిత్తుప్రతి తీసుకోండి. చివర ఒక్కసారే తీసుకుంటే 'అడ్వైజింగ్‌ని బలోపేతం చేయాలి' లాంటి సిఫార్సులు వస్తాయి. ఎవరు, ఎప్పటినుంచి, ఎంతమందితో అన్నది లేని సిఫార్సుని వెనక్కి పంపండి.

డేటా విషయంలో ముందే గట్టిగా చెప్పండి. విద్యార్థుల రికార్డులకు 1974 నాటి ఫెర్పా చట్టం రక్షణ ఉంది. ఆఫీసులో లాగిన్ ఉన్నంత మాత్రాన ఆ రికార్డులు హోంవర్క్‌కి పనికిరావు. పేర్లు, ఐడీలు తీసేసిన పట్టికను సంస్థ పరిశోధన ఆఫీసు ద్వారా రాతపూర్వక అనుమతితో తీసుకోవాలి, లేదా బహిరంగంగా దొరికే ఐపెడ్స్ అంకెలతో సరిపెట్టుకోవాలి. పట్టికలో ఏ గడిలోనైనా 10 మంది కన్నా తక్కువ ఉంటే ఆ అంకె వేయనివ్వకండి. చిన్న కాలేజీలో 'ఇంజినీరింగ్, రెండో ఏడాది, నేటివ్ అమెరికన్, 2' అని రాస్తే, ఆ ఇద్దరూ ఎవరో క్యాంపస్ మొత్తానికీ తెలిసిపోతుంది.