ఫొటో ఎడిటింగ్ ఎందులో మొదలుపెట్టాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

మా స్టూడియోలో పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు మొదటి రోజే అడుగుతారు: "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" నేను తిరిగి అడుగుతాను: "ఎడిట్ అయ్యాక ఆ ఫొటో ఎక్కడికి పోవాలిరా?" వాట్సాప్ స్టేటస్‌కా, పెళ్లి ఆల్బమ్‌కా, ఫ్లెక్సీకా? అది తేలితే సగం పని అయినట్టే.

అపోహ: ఫొటోషాప్ రాకపోతే ఎడిటింగ్ రానట్టే.

1990లో వచ్చిన ఫొటోషాప్ ఎంతగా పాతుకుపోయిందంటే, ఎడిటింగ్‌కే అది మారుపేరైంది. స్టూడియోలో ఉద్యోగం కావాలంటే నేర్చుకోక తప్పదు. ఆల్బమ్ డిజైన్లు ఎక్కువగా పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫార్మాట్) ఫైళ్లుగానే దొరుకుతాయి. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అవి తెరుచుకున్నా కొన్ని లేయర్లు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు, అనుకున్నట్టు రావు. కానీ ఇంట్లో ఫొటోల వెలుతురు సరిచేసి, అడ్డొచ్చిన కరెంటు తీగ తీసేయడానికి నెలనెలా చందా ఎందుకు? ఫోన్‌లో స్నాప్‌సీడ్ చాలు, ఉచితం. వంద ఫొటోలకు ఒకే కరెక్షన్ వేయాలంటే లైట్‌రూమ్ లాంటిది కావాలి. డబ్బు కట్టలేకపోతే డార్క్‌టేబుల్ ఉంది. రెండూ అసలు ఫొటోను ముట్టుకోవు, మనం చేసిన మార్పులను విడిగా రాసి పెట్టుకుంటాయి.

అపోహ: ఉచితంగా దొరికేవాటిలో తెలుగు సరిగ్గా రాదు.

దీని మీద నాతో వాదించినవాళ్లు చాలామంది. గింప్‌లో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) ఫాంట్‌తో తెలుగు కొడితే వత్తులు, గుణింతాలు కుదురుగానే వస్తాయి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఫొటోషాప్‌లోనే, అదీ పాత వెర్షన్లలో. 'శ్రీరస్తు' అని కొడితే వత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడతాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి తెరిస్తే సర్దుకుంటుంది. ఈ సంగతి తెలియకే చాలామంది అనూ ఫాంట్లకు అతుక్కుపోయారు. అవి చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కాకపోతే యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే శుభలేఖ కాస్తా పిచ్చిగీతలవుతుంది.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే పాడైన ఫొటో కూడా బాగవుతుంది.

మధుపర్కాలు తెల్లవి. వీడియో లైటు సూటిగా పడితే ఆ తెలుపులో నేత, మడత ఏదీ మిగలదు. కెమెరాలో నమోదు కాని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, కల్పించి పూయగలదంతే. మామూలుగా వాడే జేపీఈజీ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లుంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో (కెమెరా పట్టింది పట్టినట్టే దాచే ఫైల్) 16,384. సరిచేసుకునే చోటు రాలోనే ఎక్కువ. మీ కెమెరా రా తీస్తుందంటే దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి.

అపోహ: పెద్ద కంప్యూటర్ ఉండాలి.

అక్కర్లేదు. ఫొటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పీఎస్‌డీలు కూడా తెరుస్తుంది.

అపోహ: క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) వేసుకుంటే పోయేదేముంది?

నేనూ వేసుకున్నాను ఒకప్పుడు, తెలిసినవాళ్ల పెన్‌డ్రైవ్ నుంచి. యాంటీవైరస్‌ను ఆపేయమని ఆ క్రాక్ అడిగింది, ఆపేశాను. రెండు రోజులకు ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏవో అక్షరాలు చేరాయి. ఒక్కటీ తెరుచుకోదు. డబ్బు పంపితే తాళం తీస్తామని ఓ నోటు. అందులో ఒక పెళ్లి మొత్తం ఉంది. కెమెరా కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి ఫొటోలు దక్కాయి. కరెక్షన్ మాత్రం మొదటి నుంచి మళ్లీ చేశాను, డార్క్‌టేబుల్‌లో.