పుస్తకాల అరలో మొలిచిన గింజ

నిరుడు దసరాకి భీమిలి వెళ్లినప్పుడు మా అత్తయ్య పెరట్లో కేసరిచెట్టు కింద పెద్ద ఉసిరికాయంత ఆకుపచ్చ గింజలు రెండు దొరికాయి. జేబులో వేసుకొచ్చి, పుస్తకాల అరలో పెట్టి మరిచిపోయాను. నెలన్నర తర్వాత దుమ్ము దులుపుతుంటే ఒక గింజలోంచి చిటికెనవేలంత పాలిపోయిన కాడ బయటికొచ్చి, దాని కొసన బుల్లి గడ్డ ఊరుతూ కనిపించింది. అక్కడ మట్టీ లేదు, చుక్క నీరూ లేదు.

కేసరిచెట్టు అన్నా, విషముంగలి అన్నా, నర్సరీవాళ్లు స్పైడర్ లిల్లీ అన్నా ఇదే: క్రైనమ్ ఏషియాటికమ్. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ లిల్లీకి ఉన్న గ్రీకు మాటతోనే దీనికి పేరు పెట్టాడు గానీ, ఇది అసలు లిల్లీల కుటుంబంలోది కాదు, అమరిల్లిస్ కుటుంబంలోది. కొనేటప్పుడు జాగ్రత్త. స్పైడర్ లిల్లీ పేరుతోనే హైమెనోకాలిస్ అనే వేరే మొక్కని కూడా అంటగడతారు. దాని పువ్వు నడుమ కేసరాలను కలుపుతూ పలచని తెల్ల గిన్నె ఉంటుంది. క్రైనమ్‌కి గిన్నె ఉండదు, ఎర్రటి కేసరాలు విడివిడిగా చాచుకుని ఉంటాయి.

మామూలు గింజకి పైతొక్క ఉంటుంది. క్రైనమ్ గింజకి ఆ తొక్కే లేదు. లోపలి ఆహారపు కండే పెరిగిపోయి, దాని పైపొర బెరడులా మారుతుంది. నీళ్లూ తిండీ అందులోనే మూటకట్టి ఉంటాయి కాబట్టి మొలకకి బయటి తడితో పని లేదు. బెరడు పొర వల్ల సముద్రం మీద తేలుతుంది కూడా. హిందూ మహాసముద్రపు ఒడ్డుల నుంచి పసిఫిక్ దీవుల దాకా ఈ మొక్క పాకింది అలాగే. జపాన్‌లో వెచ్చటి కురోషియో ప్రవాహం తగిలే తీరాల్లోనూ ఉంది. ఈ మొక్క పెరిగే ఉత్తరపు హద్దునే అక్కడి శాస్త్రవేత్తలు, దీని జపాన్ పేరుతో, హమఓమోతో రేఖ అన్నారు. ఇంత నీరు మోసే గింజని ఎండబెట్టి దాచుకోవడం మాత్రం కుదరదు, చచ్చిపోతుంది. దొరికిన వెంటనే సగం మట్టిలో, సగం పైకి ఉండేలా పెట్టేయాలి.

ఇసుక తీరంలో పుట్టింది కనుక నీరు నిలవని నేల, మంచి ఎండ ఉంటే చాలు. గడ్డ మెడ మట్టిపైకి కనిపించేలా నాటండి. చుట్టూ రెండు మూడు అడుగుల చోటు వదలండి, ఎందుకంటే ఆకులే మీటరు దాకా సాగుతాయి. మాగిన పశువుల ఎరువు చాలు. యూరియా గుప్పిస్తే ఆకులే ఆకులు. అన్నిటికంటే పెద్ద తప్పు, ఏడాదికోసారి తవ్వి చోటు మార్చడం. కదిపిన కుదురు అలుగుతుంది, ఒక్కోసారి ఆ ఏడు పూయదు. పిలకలు తీయాలంటే తొలకరి మంచి అదును.

ఇక అసలు తంటా గొంగళిపురుగులది. ఈ మొక్క గడ్డలో, ఆకుల్లో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే వాంతులవుతాయి, కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక కన్నేసి ఉంచాలి. పశువులు మామూలుగా దీని జోలికి రావు. కానీ లిల్లీ చిమ్మట పిల్లలకి ఆ విషం లెక్కే కాదు! నల్లటి ఒంటి మీద తెల్ల, ఎర్ర మచ్చలతో, వానల రోజుల్లో గుంపుగా దిగుతాయి. రెండు మూడు రోజులు ఊరెళ్లొస్తే ఈనెలు తప్ప ఏమీ మిగలవు. ఆకు అడుగున గుడ్ల గుంపు కనిపించినప్పుడే ఆ ముక్క కత్తిరించడం మేలు. పురుగు ముదిరాక వేపనూనెతో పెద్దగా లాభం ఉండదు. చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయడమే నేను చేసేది, తొడుగులు వేసుకునే. అయినా ఒకసారి మొక్క మొత్తం బోడి అయిపోయింది. నేల కింద గడ్డ గట్టిగా ఉంది కనుక నెల తిరక్కుండా మళ్లీ చిగురు వేసింది.

పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. చీకటి పడ్డాక వచ్చే నిశాచర చిమ్మటల కోసమే ఆ తెలుపు, ఆ వాసన. ఒక్కో పూకాడకి ఇరవై పైచిలుకు మొగ్గలుంటాయి కనుక వంతులవారీగా పూస్తూ చాలా రోజులు లాగిస్తుంది.

అరలో మొలిచిన గింజ ఇప్పుడు కుండీలో ఉంది. నాలుగు ఆకులు వేసింది. గింజ నుంచి పెంచితే పువ్వు చూడ్డానికి మూడు నాలుగేళ్లన్నా పడుతుంది. "పిలక తీసుకెళ్లమంటే గింజ పట్టుకుపోయావు కదరా" అని అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతూనే ఉంది.