చెన్నై మిద్దె మీద చెక్క డెక్

చెన్నైలో మిద్దె మీద చెక్క డెక్, అంటే దూలాల మీద పలకలు పరిచిన వేదిక, వేయించుకోదలచినవారు మొదట రంగు గురించి, కుర్చీల అమరిక గురించి ఆలోచిస్తారు. అవి చివర తేల్చుకున్నా నష్టం లేదు. డెక్ ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది పలకల కింద వదిలిన ఖాళీని బట్టి ఉంటుంది. చెక్క తడిసినంత మాత్రాన కుళ్ళదు, ఆరకపోతే కుళ్ళుతుంది. దానిని తినే శిలీంధ్రాలు పెరగాలంటే చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం అలాగే ఉండాలి. ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడే ఈ నగరంలో అందులో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే కురుస్తుంది కనుక, ఆ రోజుల్లో పలకల అడుగున గాలి ఆడకపోతే చెక్క ఆరే అవకాశమే ఉండదు.

తేమతో చెక్క ఉబ్బుతుంది, కానీ అన్ని వైపులా సమానంగా కాదు. పొడవులో మార్పు దాదాపు శూన్యం, వెడల్పులోనే తేడా కనిపిస్తుంది. 140 మిల్లీమీటర్ల వెడల్పు గల టేకు పలకలో తేమ 10 నుంచి 18 శాతానికి పెరిగితే, కోసిన తీరును బట్టి అది 2 మిల్లీమీటర్ల వరకు ఉబ్బుతుంది. ఇది చిన్న సంగతిలా కనిపించవచ్చు గానీ, సందు లేకుండా 20 పలకలను పక్కపక్కనే బిగిస్తే మొత్తం 4 సెంటీమీటర్లు అవుతుంది. ఆ ఒత్తిడికి పలకలు మధ్యలో లేచిపోతాయి, లేదా మరమేకులు ఊడివస్తాయి. అందుకే పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదలాలి. వాన నీరు దిగడానికీ, గాలి ఆడడానికీ అదే దారి.

పలకలను మోసే దూలాలను మిద్దె వాలు వెంబడి పరచాలి. వాలుకు అడ్డంగా పరిస్తే ప్రతి దూలమూ ఒక చిన్న కట్టగా మారి నీటిని నిలబెడుతుంది. వాటిని బిగించడానికి కప్పులో రంధ్రాలు వేయకూడదు. నీరు దిగకుండా వేసిన పూత అక్కడే దెబ్బతింటుంది కనుక రబ్బరు దిమ్మెల మీద నిలపడం మేలు.

టేకులో చేవ భాగానికే, అంటే మాను నడిమి గట్టి చెక్కకే, చెదలను దూరంగా ఉంచే సహజ రసాయనాలు ఉంటాయి, పైనున్న లేత చెక్కకు ఆ రక్షణ లేదు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు వంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం స్టెయిన్‌లెస్ మరమేకులే వాడాలి, ఎందుకంటే ఉప్పుగాలిలోని క్లోరైడు మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కును కూడా తొలుస్తుంది. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలు సులువైన మార్గమని అమ్మకందారులు చెబుతారు. అవి ఎండకు పొడవునా సాగుతాయనీ, మే నెల మధ్యాహ్నం వాటి మీద చెప్పులు లేకుండా నిలబడలేమనీ మాత్రం చెప్పరు. ఎండకు టేకు బూడిదరంగుకు మారితే కంగారు పడనవసరం లేదు. అతినీలలోహిత కిరణాలకు పైపొరలో చెక్క నారలను కలిపి ఉంచే లిగ్నిన్ విచ్ఛిన్నం కావడమే దానికి కారణం, లోపలి బలం తగ్గదు.

ఇక బరువు సంగతి. మనుషులు తిరిగే చదును కప్పుకు భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 30 సెంటీమీటర్ల లోతున్న తడిమట్టి తొట్టె అంతే స్థలంలో దాదాపు 500 కిలోలు తూగుతుంది. కనుక పెద్ద తొట్టెలు పెట్టాలనుకుంటే ముందుగా ఇంజనీరును అడగాలి. వాననీటి తూము మీది రెండు మూడు పలకలను బిగించకుండా, చేత్తో ఎత్తగలిగేలా అమర్చితే, సెప్టెంబరు చివర కింద చేరిన ఆకులూ మట్టీ తీసివేయవచ్చు.