అపోహలు – వాస్తవాలు: “మా లిమిట్స్ కాదు” అంటే వెనక్కి తిరగకండి

పోయిన ఆదివారం రాత్రి పదకొండు దాటాక మా కాలనీ కుర్రాడు ఫోన్ చేశాడు. “అంకుల్, మా దోస్తును రోడ్డు మీద ఆపి ఫోన్ గుంజుకున్నరు. చెయ్యికి కత్తి తగిలింది. ఆ జాగ ఏ ఠాణా కిందికొస్తదో సమజైతలేదు, మ్యాపుల చూస్తున్నం.” ఎంతసేపటి నుంచి అని అడిగితే ముప్పావు గంట అన్నాడు. గాయానికి రుమాలు చుట్టుకుని ముప్పావు గంట! ముందు ఆసుపత్రికి నడవండి, దారిలోనే 112కు చేయండి అని చెప్పాను.

హైదరాబాద్ సిటీ ఠాణాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, అందులో చాలాకాలం రైటర్‌గా, అంటే ఫిర్యాదులు, కేసు కాగితాలు రాసే పనిలో. రిటైరయ్యాక నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే ప్రశ్న. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నేరం జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తే అక్కడికే వెళ్లాలి.

వాస్తవం: అక్కర్లేదు. దగ్గర్లో ఏ స్టేషన్ ఉంటే అందులోకి వెళ్లండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 173వ సెక్షన్‌లో, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని స్పష్టంగా ఉంది. నోటితో చెప్పినా రాసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో మీరు సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా, అప్పటికప్పుడే ఇవ్వాలి. పరిధి తమది కాకపోతే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అవతలి స్టేషన్‌కు పంపుతారు. అలా పంపడం పోలీసుల పని. మీరు కాగితం పట్టుకుని ఠాణాల చుట్టూ తిరగక్కర్లేదు. ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కూడా కాదు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో సిఫారసు చేశాక అన్ని స్టేషన్లకూ ఆదేశాలు వెళ్లాయి. కొత్త చట్టం దాన్ని సెక్షన్‌లోకి ఎక్కించింది.

“జీరో అంటే ఉత్త కాయితమే కదా సార్” అని అడిగేవాళ్లున్నారు. కాదు. అది పూర్తి ఎఫ్‌ఐఆర్. నంబరు మాత్రమే తర్వాత మారుతుంది.

మన ఊళ్లో ఈ అపోహకు మూల్యం ఎక్కువ. జనం కంటికి ఇదంతా ఒకటే సిటీ. కానీ 2003లో సైబరాబాద్ కమిషనరేట్ వచ్చింది, 2016లో రాచకొండ వచ్చింది, ఆ తర్వాతా హద్దులు మారుతూనే ఉన్నాయి. డివైడర్‌కు ఈ పక్క ఒక ఠాణా, ఆ పక్క ఇంకో ఠాణా ఉన్న రోడ్లు ఎన్నో. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన రెండు బాంబులనే చూడండి. రెండు చోట్లూ కూతవేటు దూరంలోనే ఉన్నా, ఒక కేసు మలక్‌పేటలో, ఇంకొకటి సరూర్‌నగర్‌లో నమోదయ్యాయి. స్టేషన్లు రెండు, అప్పటికి కమిషనరేట్లూ రెండే. తర్వాత రెండు కేసులూ కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ చేతికి వెళ్లాయి. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురిని దోషులుగా తేల్చింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. మొదటి రోజు మాది కాదంటే మాది కాదని ఎవరైనా కూర్చుని ఉంటే ఆ తునకలు, ఆ ఆధారాలు ఏమయ్యేవి?

రెండో వైపూ చెప్పాలి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన రాత్రి, తమను పరిధి పేరుతో తిప్పారని ఆ ఇంటివాళ్లు చెప్పారు. ఎఫ్‌ఐఆర్‌లో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ వార్త చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలా పంపినవాణ్నే.

చాలా ఏళ్ల కిందటి మాట. ఒక తల్లి వచ్చింది, చేతిలో ముడి వేసిన పాలిథిన్ కవరు. అందులో కొడుకు చొక్కా. కొడుకును పొడిచారు, ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటికే ఆమె ఒక స్టేషన్‌కు వెళ్లివచ్చింది. మా గోడ మీద పరిధి మ్యాపు ఉండేది, నాలా దగ్గర నీలం పెన్సిల్ గీత. ఆ గీత మీద వేలు పెట్టి “నాలా అవతలమ్మా, మాది కాదు” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కవరు పైకి ఎత్తి చూపించింది. లోపలంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు. మూడో ఠాణాలో కేసు కట్టారు. కానీ అప్పటికి రెండు రోజులు గడిచాయి, తడి చొక్కా కవర్లోనే బూజు పట్టింది. ఆ రక్తం మీద ల్యాబు ఏమీ తేల్చలేకపోయిందని అక్కడి రైటరే నాకు చెప్పాడు. ఆ కవరు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది.

కాబట్టి రక్తం అంటిన బట్టలు ఉతకొద్దు, ప్లాస్టిక్‌లో కట్టొద్దు. నీడలో ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టి ఇవ్వండి. పక్కనున్న దుకాణాల్లో ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో ఆ రాత్రే పోలీసులకు చెప్పండి. కెమెరా రికార్డింగు దాచే డీవీఆర్ నిండగానే పాతది చెరిగిపోతుంది. ఏ కమిషనరేట్ కెమెరా అన్నది దానికి తెలియదు.

ఫిర్యాదు తీసుకోం పొమ్మంటే? డీసీపీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. తీవ్రమైన నేరమని ఫిర్యాదులోనే కనబడితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసుకే బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు.

ఇక మిగతావి గబగబా. నిందితుణ్ని టాస్క్‌ఫోర్స్ (కమిషనర్ ప్రత్యేక బృందం) పట్టుకుంది కాబట్టి కేసు వాళ్లదేనని చాలామంది అక్కడికి పరుగెత్తుతారు. వాళ్లు పట్టుకుని స్టేషన్‌కు అప్పగిస్తారు. మీ ఐఓ, అంటే దర్యాప్తు అధికారి, స్టేషన్‌లోనే ఉంటాడు, అతని నంబరు తీసుకోండి. నిందితుడు రాష్ట్రం దాటితే అయిపోయినట్టేనన్నది పుకారు. మనవాళ్లు అక్కడికెళ్లి, అక్కడి ఠాణాకు చెప్పి, అక్కడి కోర్టులో ట్రాన్సిట్ రిమాండ్ (ఇక్కడికి తేవడానికి అనుమతి) తీసుకుని తెస్తారు. రైల్లో దాడి జరిగితే దిగి పరుగెత్తక్కర్లేదు, రైల్వే హెల్ప్‌లైన్ 139 ఉంది. కేసు కట్టేది జీఆర్‌పీ (ప్రభుత్వ రైల్వే పోలీసు), అది మన రాష్ట్ర పోలీసే. పోలీసు కేసు కాబట్టి ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మనే ఆసుపత్రికి సుప్రీంకోర్టు 1989లోనే జవాబిచ్చింది. ముందు వైద్యం.

సీబీఐకి ఇవ్వమని ఏడ్చే తల్లిదండ్రుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ తెలంగాణ 2022లో సీబీఐకి ఉన్న సాధారణ సమ్మతిని, అంటే ప్రతి కేసుకూ అడగకుండా రాష్ట్రంలో దర్యాప్తు చేసుకునే అనుమతిని, ఉపసంహరించుకుంది. కేసును బట్టి ప్రభుత్వం ఒప్పుకోవాలి, లేదా పై కోర్టు ఆదేశించాలి. అప్పటిదాకా వాంగ్మూలం దాచుకుంటే నష్టం మీకే. రేపు కేసు ఎవరి చేతికి వెళ్లినా, ఇవాళ స్టేషన్ వాళ్లు రాసిన పంచనామాతోనే మొదలుపెట్టాలి.

సోమవారం పొద్దున ఆ కుర్రాడు మళ్లీ చేశాడు. ఆసుపత్రి పక్క ఠాణాలోనే కేసు తీసుకున్నారట. “అంకుల్, కాపీ ఇచ్చిన్రు గానీ నంబరు ముందల సున్నా ఉంది. తప్పు పడ్డదా?” తప్పు కాదు బేటా, అది అట్లనే ఉంటది అన్నాను. అవతలి స్టేషన్ నుంచి క్రైమ్ నంబరు రాగానే ఆ కాపీ మీదే రాసిపెట్టుకోమన్నాను. చెయ్యికి ఐదు కుట్లు పడ్డాయట.