గ్యాప్ కనిపిస్తే దూరాల్సిందేనా? సుజుకా 1990 నుంచి బార్సిలోనా దాకా

ఫార్ములా వన్‌లో రెండు కార్లు రాసుకుంటే చాలు, బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నా మాట ఒకటి మళ్లీ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. గ్యాప్ కనిపించినా దూరనివాడు రేసింగ్ డ్రైవరే కాదన్నది దాని సారం. ఇప్పటి డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ ఎవరినైనా ట్రాక్ అవతలికి నెట్టిన ప్రతిసారీ అభిమానులు దీన్నే అడ్డం పెట్టుకుంటారు, అవతలివాళ్లు రూల్ బుక్ తీస్తారు. కానీ సెన్నా ఆ మాట ఎప్పుడు, ఏం చేసొచ్చాక అన్నాడో ఎవరూ చెప్పరు. 1990 నవంబర్‌లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మాజీ చాంపియన్ జాకీ స్టీవర్ట్ ఇంటర్వ్యూ చేస్తూ, పాత చాంపియన్ల కంటే నువ్వే ఎక్కువగా వేరే కార్లను గుద్దావు కదా అని నిలదీస్తే చిర్రెత్తుకొచ్చి ఇచ్చిన జవాబు అది. అప్పటికి జపాన్‌లోని సుజుకా రేసు జరిగి రెండే వారాలు.

మెక్‌లారెన్ టీమ్‌లో కలిసి నడిపిన సెన్నా, అలెన్ ప్రోస్ట్‌ల గొడవలు తెలిసినవే, వదిలేద్దాం. 1989 సుజుకా గురించి మాత్రం ఒక ముక్క. చికేన్ (వేగం తగ్గించే వంకర మలుపు) దగ్గర సెన్నా లోపలికి దూరాడు, ప్రోస్ట్ దారివ్వలేదు, రెండు కార్లూ ఒకదానికొకటి చిక్కుకుని ఆగిపోయాయి. మార్షల్స్ తోస్తే మళ్లీ బయల్దేరిన సెన్నా రేసు గెలిచాడు కానీ, చికేన్ తప్పించి వచ్చాడని డిస్‌క్వాలిఫై చేశారు. టైటిల్ ప్రోస్ట్‌కి పోయింది. రేసింగ్‌ను నడిపే సంస్థ ఫీసాకు అప్పటి అధ్యక్షుడు బలెస్ట్‌ర్ కూడా ప్రోస్ట్‌లాగే ఫ్రెంచివాడు కావడంతో ఇదంతా కుట్రేనని సెన్నా గట్టిగా నమ్మాడు. ఆ కోపంలో కొంత న్యాయం లేకపోలేదు.

అసలు మలుపు మరుసటి ఏడాది, 1990 అక్టోబర్ 21న వచ్చింది. పోల్, అంటే అందరికంటే ముందు మొదలుపెట్టే స్థానం, సెన్నాది, పక్కన ఫెరారీలో ప్రోస్ట్. పోల్ స్థానం ట్రాక్‌కు కుడివైపు ఉంది, అక్కడంతా దుమ్ము, టైర్లకు పట్టు దొరకదు. రెండో స్థానం ఎడమవైపు, కార్లన్నీ తిరిగి రబ్బరు పట్టిన శుభ్రమైన దారిలో. పోల్‌ను ఎడమకు మార్చమని సెన్నా అడిగాడు, పైనుంచి కుదరదన్నారు. స్టార్ట్‌లో ప్రోస్టే ముందుకెళ్లాడు. మొదటి మలుపులో సెన్నా కారు బ్రేకు వేసే ఉద్దేశమే లేనట్టు లోపలికి వచ్చి ఫెరారీని గుద్దింది, ఫెరారీ వెనక వింగ్ ఊడిపోయింది, రెండూ దుమ్ము రేపుకుంటూ కంకరలోకి పోయాయి. పాయింట్లలో ముందున్నది సెన్నా కాబట్టి ఇద్దరూ అవుటైతే టైటిల్ అతనిదే. రేసులో తీర్పు చెప్పే స్టీవార్డులు ఏ చర్యా తీసుకోలేదు.

చావుకి భయపడని బాధ్యత లేని మనుషులతో పోటీ పడటానికి తాను సిద్ధంగా లేనన్నాడు ప్రోస్ట్. ఆ రోజు చాలామందికి ఇది ఓడినవాడి ఏడుపులా వినిపించింది. కానీ ఏడాది తిరిగేసరికి, మూడో టైటిల్ చేతికొచ్చాక, సెన్నాయే ఒప్పుకున్నాడు: ప్రోస్ట్ ముందుకెళ్తే మొదటి మలుపులో తగ్గేది లేదని రేసుకి ముందే నిర్ణయించుకున్నానని. అంటే అడిలైడ్‌లో చెప్పిన గ్యాప్ సిద్ధాంతం సుజుకాకి వర్తించనే వర్తించదు. అక్కడ గ్యాప్ లేదు, పాత పగ ఉంది.

పాతకాలం డ్రైవర్లు దేవుళ్లేం కాదు గానీ, గుద్దుకుంటే ప్రాణం పోతుందన్న లెక్క వాళ్లకు ఎప్పుడూ ఉండేది. 1956లో మోంజాలో తనకూ టైటిల్ అవకాశం ఉన్నా పీటర్ కాలిన్స్ రేసు మధ్యలో తన కారు టీమ్ సహచరుడు ఫాంజియోకి ఇచ్చేశాడు. 1958 పోర్చుగల్‌లో హాథార్న్‌ను డిస్‌క్వాలిఫై చేయకుండా ఆపింది అతని ప్రత్యర్థి మాస్ సాక్ష్యమే, ఆ ఏడాది మాస్ ఒకే ఒక్క పాయింటుతో టైటిల్ పోగొట్టుకున్నాడు. 1981లో మెక్‌లారెన్ కార్బన్ ఫైబర్ చాసిస్ (కారు ప్రధాన చట్రం) తెచ్చింది, తర్వాత మిగతా టీములూ అదే దారి పట్టాయి. కారు గట్టిపడింది, గుద్దినా దిగి నడిచి వెళ్లొచ్చన్న ధైర్యం వచ్చింది. సుజుకాలో ఇద్దరూ చేసింది అదే, నడుచుకుంటూ వెళ్లిపోయారు.

దానికి శిక్ష లేదని తేలాక మిగతావాళ్లు చూస్తూ ఊరుకుంటారా? 1994 అడిలైడ్‌లో ఒక్క పాయింటు ఆధిక్యంతో ఉన్న షూమాకర్, హిల్ కార్లు గుద్దుకున్నాయి, టైటిల్ షూమాకర్‌కే. 1997 హెరెత్‌లో షూమాకర్ తన టైటిల్ ప్రత్యర్థి విల్నెవ్ మీదికి కారు తిప్పితే మాత్రం అతన్ని ఆ ఏడాది చాంపియన్‌షిప్ పట్టికలోంచే తీసేశారు. గెలిచిన రేసులు మాత్రం అలాగే ఉంచారు, ఒక్క రేసు నిషేధం కూడా లేదు.

ఇప్పుడు అన్నిటికీ కొలతలున్నాయి. లోపలి నుంచి వచ్చేవాడి ముందు ఇరుసు ఏపెక్స్ (మలుపు లోపలి అంచు) దగ్గర పక్క కారు అద్దం దాకా రావాలి, బయటి నుంచి వచ్చేవాడి ఇరుసు ఇంకా ముందుండాలి, పన్నెండు నెలల్లో 12 పెనాల్టీ పాయింట్లయితే ఒక రేసు నిషేధం. తెలివైన డ్రైవర్ ఈ కొలతనూ ఆయుధం చేసుకుంటాడు. 2024 ఆస్టిన్‌లో మెక్‌లారెన్ డ్రైవర్ నోరిస్‌తో పోటీలో లోపలి వైపున్న వెర్‌స్టాపెన్ ఏపెక్స్‌కి ముందు చేరాడు, ఇద్దరూ ట్రాక్ దాటారు, 5 సెకన్ల శిక్ష మాత్రం నోరిస్‌కి పడింది. మెక్సికోలో వెర్‌స్టాపెన్‌కి రెండు పది సెకన్ల శిక్షలు, మొత్తం 20 సెకన్లు పడ్డాయి.

2025 జూన్ 1న బార్సిలోనాలో ఏ కొలతా అక్కర్లేకపోయింది. ప్రత్యర్థి రస్సెల్‌కి స్థానం ఇచ్చెయ్యమని వెర్‌స్టాపెన్‌కి టీమ్ చెప్పింది, వెర్‌స్టాపెన్ నెమ్మదించాడు, రస్సెల్ పక్కకు రాగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కి గుద్దాడు. అది సరికాదని మర్నాడు తనే రాశాడు. శిక్షతో ఐదో స్థానం నుంచి పదికి పడ్డాడు, అంటే 10 పాయింట్లకు బదులు 1. డిసెంబర్‌లో టైటిల్ నోరిస్‌కి పోయింది, తేడా 2 పాయింట్లు. అబుదాబి ప్రెస్ మీట్‌లో ఒకరు బార్సిలోనా సంగతి ఎత్తితే, సీజన్‌లో జరిగిన మిగతావన్నీ మర్చిపోయి అదొక్కటే అడుగుతారేమని వెర్‌స్టాపెన్ చిరాకుపడ్డాడు.