భాగస్వామికి సైకోసిస్ వస్తే ఉద్యోగం మానేయాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

సైకోసిస్ అంటే ఎవరూ లేకుండానే చెవిలో మాటలు వినిపించడం, నిజం కానిదాన్ని గట్టిగా నమ్మడం (భ్రమ) లాంటి లక్షణాలతో మనిషికి వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి. మానసిక వైద్యంలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న తరచూ వింటాను. పేషెంటును ముందు బయటికి పంపి, తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు: "డాక్టర్ గారూ, నేను ఉద్యోగం మానెయ్యాలంటారా?"

అపోహ: ఇరవై నాలుగు గంటలూ పక్కనే ఉంటేనే బాగా చూసుకున్నట్టు.

వాస్తవం: జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో, ప్రాణానికి ముప్పు ఉందనిపించినప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే. కుదుటపడ్డాక లెక్క వేరు. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ అనే ఇద్దరు పరిశోధకులు స్కిజోఫ్రీనియా (సైకోసిస్ కనిపించే ఒక తీవ్రమైన మానసిక జబ్బు) ఉన్నవాళ్ల ఇళ్లను పరిశీలించారు. విమర్శలు, విసుగు, అతిజాగ్రత్త ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. అలాంటి ఇళ్లలోనూ వారానికి 35 గంటల కంటే తక్కువసేపు ఎదురెదురుగా గడిపినవాళ్లకు ఆ ముప్పు తగ్గింది. జబ్బుకు ఇంటివాళ్లే కారణమని దీనర్థం కాదు. అలసి, విసిగిపోయిన మనిషి రోజంతా పక్కన ఉండటం కంటే, పనికి వెళ్లి కాస్త తేలికపడి వచ్చిన మనిషి సాయంత్రం పక్కన కూర్చోవడం మేలు. జీతం ఎలాగూ కావాలి, మందులు ఏళ్ల తరబడి కొనాల్సి రావచ్చు.

అపోహ: ఓపిగ్గా రుజువులు చూపిస్తే భ్రమ పోతుంది.

వాస్తవం: పోదు. "ఆఫీసు పేరు చెప్పి ఎవరినో కలుస్తున్నావు" అనే అనుమానం ఉద్యోగం చేసే భాగస్వాములకు బాగా తగిలేది. ఫోన్ చూపిస్తారు, కాల్ లిస్టు చూపిస్తారు, పక్క సీటువాళ్లతో మాట్లాడిస్తారు. మర్నాటికి వాళ్లూ ఆ కుట్రలో భాగమైపోతారు. వాదించొద్దు, అలాగని ఒప్పుకోనూ వద్దు. "నాకు అలా అనిపించట్లేదు. కానీ నువ్వు చాలా భయపడుతున్నావని తెలుస్తోంది" అనండి. మాట అంతవరకే ఉండాలి, భయం దగ్గర. చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు; రోజూ అనుమానం మోసే మనిషికి ఒక్కోసారి నోరు జారుతుంది.

అపోహ: పొద్దున వెళ్లేటప్పుడు ఎక్కడ కూర్చున్నారో సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉన్నారంటే అది బద్ధకం.

వాస్తవం: చాలాసార్లు అది జబ్బే. చొరవ, మాట, ఉత్సాహం తగ్గిపోవడం కూడా లక్షణమే. చెవిలో మాటలు వినిపించడం తగ్గినంత త్వరగా ఇది తగ్గదు. కొన్నిసార్లు మందు వల్ల వచ్చే మత్తూ కారణం కావచ్చు, డాక్టరుకు చెప్పండి. పెద్ద జాబితా రాసిపెట్టి వెళ్లకుండా ఒకే ఒక్క చిన్న పని అప్పగించి చూడండి.

అపోహ: బాగానే ఉన్నారుగా, ఇక మందులు ఆపేయొచ్చు.

వాస్తవం: బాగున్నది చాలావరకు ఆ మందుల వల్లే. మొదటిసారి జబ్బుపడి కోలుకున్నవాళ్లను ఐదేళ్లపాటు గమనించిన ఒక అధ్యయనంలో, మందు ఆపినవాళ్లకు తిరగబెట్టే ముప్పు దాదాపు ఐదు రెట్లు కనిపించింది. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరుతో మాట్లాడి మెల్లగా చేయాలి. తిండిలో కలిపి పెట్టడం మాత్రం వద్దు. ఒక్కసారి బయటపడితే "నాకేదో పెడుతున్నారు" అన్న భ్రమకు మీరే రుజువిచ్చినట్టవుతుంది. రోజూ మాత్ర దగ్గరుండి వేయించే వీలు లేకపోతే, నెలకోసారి వేసే ఇంజెక్షన్ల గురించి ఇద్దరూ కలిసి అడగండి.

అపోహ: ఆఫీసులో పూర్తిగా దాచాలి, లేదా పూర్తిగా చెప్పాలి.

వాస్తవం: "ఇంట్లో ఒకరికి దీర్ఘకాలిక అనారోగ్యం, అప్పుడప్పుడు ఉన్నపళంగా వెళ్లాల్సి వస్తుంది" అంటే చాలు. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది అది ఉన్న మనిషి ఇష్టం.

అపోహ: తిరగబెట్టడం ఉన్నట్టుండి జరుగుతుంది.

వాస్తవం: చాలామందిలో ముందే జాడ ఉంటుంది. నిద్ర తగ్గడం, తనలో తాను గొణుక్కోవడం, గది దాటి రాకపోవడం. ఒక్కొక్కరికి ఒక్కో వరస. బాగున్న రోజుల్లోనే ఇద్దరూ కూర్చుని ఆ వరసను కాగితం మీద రాసుకోండి. ఏది కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేయాలో, ఏది కనిపిస్తే మీరు సెలవు పెట్టాలో కూడా అందులోనే రాయండి. చనిపోతానన్నా, ఎవరినైనా ఏమైనా చేయమని చెవిలో వినిపించే గొంతులు చెబుతున్నాయన్నా కాగితం వెతకొద్దు, మీటింగ్ మధ్యలోంచైనా లేచి వెళ్లండి. మీరు చేరేలోపు ఇంటికి వెళ్లగలిగినవాళ్ల నంబరు ముందే ఫోన్‌లో ఉంచుకోండి.